తప్పు జవాబు ఎవరిది?

ఇంగ్లండులో "ప్రైవేట్ ఐ" అనే వ్యంగ్య పత్రిక ఒకటి ఉన్నది. ప్రశ్నల పోటీలలో పాల్గొన్నవాళ్లు చెప్పిన తప్పు జవాబులను ఏరి, "డంబ్ బ్రిటన్" అనే శీర్షిక కింద ఆ పత్రిక అచ్చువేస్తూ వచ్చింది. మొద్దు బ్రిటన్ అన్నమాట. ఇంగ్లీషు లెక్చరరుగా పనిచేసి రిటైరయిన నా మిత్రుడొకాయన ఇటువంటి జవాబులు ఎక్కడ దొరికినా ఏరి నాకు పంపుతుంటాడు. చివర తన వ్యాఖ్య ఒకటి తప్పకుండా ఉంటుంది: చదువు అడుగంటిపోయింది, మన రోజుల్లో ఇలా ఉండేది కాదు, అని. మన రోజుల్లో ఎలా ఉండేదో ఆయనకు తెలియదని కాదు. పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో కూడా ఆయన విద్యార్థుల తప్పులను ఒక నోటుబుక్కులో రాసుకుని స్టాఫ్ రూములో చదివి వినిపించేవాడు. ఆ నోటుబుక్కు ఏటేటా లావెక్కుతూనే ఉండేది.

ఆయన పంపినవాటిలో కొన్నింటికి నాకూ నవ్వు వస్తుంది. బ్రిటిష్ టీవీలో "ఫ్యామిలీ ఫార్చ్యూన్స్" అని ఒక పోటీ ఉండేది. 1980 దశకంలో అందులో ఒక పెద్దమనిషిని, జనం సముద్రపు ఒడ్డుకు వెంట తీసుకుపోయే వస్తువు ఏదని అడిగారు. "టర్కీ" అన్నాడు. టర్కీ అంటే వాళ్లు క్రిస్మసు పండక్కి వండుకునే పెద్ద కోడి. సూపర్‌మార్కెట్టులో మొట్టమొదట కొనేది ఏదన్నారు. "టర్కీ" అన్నాడు. లోపల ఏదైనా కూరి వండే తిండి ఏదన్నారు. మళ్లీ "టర్కీ" అన్నాడు. ఈసారి అది ఒప్పే. మనిషి ఓపికపట్టి ఒకే జవాబు మీద నిలబడితే ప్రశ్నే నడిచివచ్చి దానికి సరిపోయింది!

నవ్వుకున్న తరువాత ఆ పోటీ నియమం చూడండి. ముందుగా వందమందిని అడిగి, వాళ్లు ఏమన్నారో రాసిపెట్టుకుంటారు. ఎంత ఎక్కువమంది అన్న మాట అయితే అన్ని ఎక్కువ మార్కులు. నిజంతో నిమిత్తం లేదు. సముద్రపు ఒడ్డుకు నిజంగానే ఎవడైనా కోడిని తీసుకుపోతే వాడి అనుభవం అక్కడ పనికిరాదు. అయినా తెర మీద నవ్వులపాలయ్యేది జవాబు చెప్పినవాడే. ప్రశ్న ఎవరు తయారుచేశారు, ఒప్పు ఏదో ఎవరు తేల్చారు అని అడగాలన్న ఊహే చూసేవాళ్లకు రాదు. నా మిత్రుడితో నాకున్న పేచీ అంతా ఇక్కడే.

ఈ పేచీకి నా వైపు సాక్షి ఒకడున్నాడు, హెర్బర్ట్ స్టెంపెల్. ప్రశ్నల పోటీల చరిత్రలో ఇతను చెప్పినంత ప్రసిద్ధమైన తప్పు జవాబు మరొకటి ఉన్నట్టు నాకు తోచదు.

1956లో అమెరికాలో ఎన్.బి.సి. వారు "ట్వెంటీ వన్" అనే పోటీ ప్రసారం చేశారు. ఖర్చు భరించింది రక్తపుష్టికి టానిక్ అమ్ముకునే కంపెనీ. పోటీదార్లను చెరొక గాజు గదిలో నిలబెట్టి ప్రశ్నలు అడిగేవారు. స్టెంపెల్ బ్రాంక్సులో పెరిగిన యూదు యువకుడు. సైన్యంలో పనిచేసి వచ్చి, న్యూయార్కులో ఫీజులేని సిటీ కాలేజీలో చదువుతున్నాడు. జ్ఞాపకశక్తి అసాధారణం. కాని ప్రొడ్యూసర్లు అతని జ్ఞాపకశక్తి మీద ఆధారపడలేదు. ప్రశ్నలూ జవాబులూ ముందే ఇచ్చారు. తల వెంట్రుకలు పొట్టిగా కత్తిరించుకోమన్నారు, ఒంటికి అతకని పాత సూటు వేసుకురమ్మన్నారు. నుదుటి చెమట ఎప్పుడు ఒత్తుకోవాలో, ఎంతసేపు ఆలోచిస్తున్నట్టు నటించాలో అన్నీ నేర్పారు. బీదవాడు ఒకడు చదువుతో పైకి వస్తున్నాడని దేశం చూసి ముచ్చటపడాలి గదా! బీదవాడు బీదవాడిలాగా కనపడకపోతే ముచ్చట తీరదు.

కొన్ని వారాలకు ఆ ముచ్చట తీరింది. కంపెనీకి కొత్త ముఖం కావలసివచ్చింది. చార్లెస్ వాన్ డోరెన్ దొరికాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఉపాధ్యాయుడు, అందగాడు, పెద్దింటివాడు; తండ్రి మార్క్ వాన్ డోరెన్ పులిట్జర్ బహుమతి పొందిన కవి. అతని చేతిలో స్టెంపెల్ ఓడిపోవాలని నిర్ణయమయింది. ఎలా ఓడిపోవాలో కూడా నిర్ణయించారు. 1955 సంవత్సరానికి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పొందినది ఏది అన్న ప్రశ్నకు అతను తప్పు చెప్పాలి.

ఒప్పు జవాబు "మార్టీ". బ్రాంక్సులోనే ఉండే ఒక కసాయి కథ అది; అందం లేనివాడు, తోడు దొరకనివాడు. స్టెంపెల్ ఆ చిత్రాన్ని ఒకటికి మూడుసార్లు చూశాడు. తన పేట మనిషి కథ, తనకు ఎంతో నచ్చిన కథ, దాని పేరు తనకు తెలియదని దేశం ముందు చెప్పాలి! ఈ ఒక్క ప్రశ్న మార్చమని అతను బతిమాలాడు. మార్చలేదు. 1956 డిసెంబర్ 5 రాత్రి అతను "ఆన్ ది వాటర్‌ఫ్రంట్" అన్నాడు. ఆ రాత్రే ఓడిపోయాడు. వాన్ డోరెన్ 1,29,000 డాలర్లు గెలిచాడు. "టైమ్" పత్రిక అతని బొమ్మను ముఖచిత్రంగా వేసింది. ఎన్.బి.సి. వారు ఉద్యోగం ఇచ్చారు.

స్టెంపెల్ ఈ సంగతి బయట పెడితే పత్రికలు మొదట అచ్చువేయడానికే జంకాయి. ఓడిపోయినవాడి అక్కసు అనుకున్నారు. చివరకు 1959 నవంబర్ 2న వాన్ డోరెన్ అమెరికన్ కాంగ్రెసు ఉపసంఘం ముందు తన పాత్ర ఒప్పుకున్నాడు. పోటీలలో ఇటువంటి మోసాన్ని నేరంగా చేస్తూ 1960లో చట్టం వచ్చింది. ఈ కథ మీద 1994లో రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ "క్విజ్ షో" అనే చిత్రం తీశాడు, చూడదగ్గదే. కాని నాకు చట్టం కన్నా ఆ తప్పు జవాబు ముఖ్యం. ఆ రాత్రి ఎన్ని లక్షల ఇళ్లలో జనం "పాపం, ఆ మాత్రం తెలియదు!" అనుకుని ఉంటారు? తెలివితక్కువతనాన్ని కూడా అద్దె సూటులాగా ఒక మనిషికి తొడగవచ్చునన్నమాట. ఎవరికి తొడుగుతారు అన్నది ముందే తేలిపోయిన విషయం.

తప్పు జవాబును ఆయుధంగా వాడుకున్నవాళ్లు కూడా లేకపోలేదు. బ్రిటన్‌లో 1962 నుంచి "యూనివర్సిటీ ఛాలెంజ్" అనే పోటీ ఉన్నది. అందులో మిగతా విశ్వవిద్యాలయాలకు ఒక్కొక్క జట్టు అయితే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలకు మాత్రం ఏ కాలేజీకి ఆ కాలేజీ జట్టును పంపుకునే హక్కు. 1975లో మాంచెస్టర్ విద్యార్థులు దీనికి నిరసనగా ఏ ప్రశ్న వేసినా చె గువేరా అనీ, మార్క్స్ అనీ, ట్రాట్‌స్కీ అనీ, లెనిన్ అనీ చెప్పుకుంటూ పోయారు. (ఆ జాబితాలో ట్రాట్‌స్కీని చేర్చినందుకు మన పాత మిత్రులు కొందరు అభ్యంతరపెట్టవచ్చును. అది వేరే చర్చ.) నాకు ఈ కుర్రవాళ్లంటే ఇష్టమే. అయితే ఒక సంగతి మరవరాదు. వాళ్లు విశ్వవిద్యాలయ విద్యార్థులు గనక ఆ తప్పులు చమత్కారమయ్యాయి. అదే జవాబు ఒక రేవు కూలీ చెప్పి ఉంటే "డంబ్ బ్రిటన్" వంటి శీర్షికలోకి తిన్నగా పోయి ఉండేది.

మన దేశంలో ఈ పోటీలు మొదట ఇంగ్లీషు తెలిసినవాళ్ల వినోదం. 1972లో రేడియోలో మొదలయిన బోర్న్‌విటా క్విజ్ కాన్వెంటు పిల్లలది. 1985లో దూరదర్శన్ ప్రసారం చేసిన "క్విజ్ టైమ్" కాలేజీ కుర్రవాళ్లది. 2000లో అమితాబ్ బచ్చన్‌తో "కౌన్ బనేగా కరోడ్‌పతి" వచ్చాక గాని హిందీలో ఆలోచించేవాడికి ఆ కుర్చీ దక్కలేదు. తెలుగువాడికి 2014లో "మీలో ఎవరు కోటీశ్వరుడు" వచ్చేదాకా ఆగవలసివచ్చింది. ఇది మంచి మార్పు, కాదనను. కాని భాష మారినంతగా ప్రశ్న మారలేదు.

2008లో వచ్చిన "స్లమ్‌డాగ్ మిలియనీర్" చిత్రం గురించి నాకు ఫిర్యాదులు చాలా ఉన్నాయి. పేదరికాన్ని రంగుల్లో తీసి అమ్ముకున్నారన్నది అందులో ఒకటి. అయినా ఒక ఘట్టం మాత్రం బాగున్నది. మురికివాడ కుర్రవాడికి జాతీయ చిహ్నం కింద ఉండే వాక్యం తెలియదు. అయిదేళ్ల పిల్లకు కూడా తెలుసునే అని పోలీసు ఇన్‌స్పెక్టర్ ఎద్దేవా చేస్తాడు. అప్పుడు కుర్రవాడు చౌపాటీలో పానీపూరీ ధర ఎంతని ఎదురు ప్రశ్న వేస్తాడు. ఇన్‌స్పెక్టర్ చెప్పిన ధర తప్పు. ఫలానా కానిస్టేబుల్ సైకిలు దొంగిలించింది ఎవరని మరో ప్రశ్న. పేటలో అయిదేళ్ల పిల్లలకు కూడా తెలుసునట!

మా మేనత్త బడి ముఖం ఎరగదు. వడ్లగింజ అరచేతిలో వేసుకుని చూసి ఇవి అక్కుళ్లు, ఇవి కృష్ణకాటుకలు, ఇవి అత్రగడ, ఇవి రసంగి అని చెప్పేది. ఏ నేలకు ఏది పండుతుందో, ఏది వండితే పిల్లలకు అరుగుతుందో చెప్పేది. ఇప్పుడు ఆ వంగడాలు చాలావరకు పొలాల్లో లేవు, ఆవిడా లేదు. టీవీ కుర్చీలో కూర్చోబెడితే ఆవిడ మొదటి ప్రశ్నకే ఇంటికి వచ్చేసేది. ఆ కుర్చీలో కూర్చునేవాళ్లలో ఎంతమంది ఆవిడ ముందు కూర్చుంటే నిలిచేవారో నేను చెప్పనక్కరలేదు.

అవధానం మీద నాకు పెద్ద మోజు లేదు గాని, ఈ విషయంలో దాని పద్ధతి నయం. అక్కడ పృచ్ఛకుడు కూడా సభలోనే కూర్చుంటాడు. పసలేని ప్రశ్న వేస్తే సభ వాడిని చూసి కూడా నవ్వుతుంది. క్విజ్‌లో ప్రశ్న తయారుచేసినవాడు కనపడడు. కార్డు మాత్రం కనపడుతుంది.

ఆ కార్డుకు తప్పు రాదా? తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" 1931 సెప్టెంబర్ 15న విడుదలయిందని దశాబ్దాల తరబడి అందరం చెప్పుకున్నాం. ఆ తేదీనే తెలుగు సినిమా పుట్టినరోజుగా పండుగ చేసుకున్నాం. జర్నలిస్టు రెంటాల జయదేవ పాత పత్రికలూ, సెన్సారు వివరాలూ వెదికి, ఆ చిత్రం 1932 జనవరి 22న సెన్సారయిందనీ, ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలయిందనీ తేల్చాడు. అంటే అంతకుముందు ఏ పోటీలోనైనా ఒకడు పొరపాటున "1932" అని ఉంటే, చెప్పిన నిజానికి మార్కు పోగొట్టుకుని ఉంటాడు. నా దగ్గరున్న పోటీ పరీక్షల గైడు ఒకదానిలో ఇంకా 1931 అనే ఉన్నది. పబ్లిక్ సర్వీస్ కమిషన్ వాళ్లు ప్రాథమిక కీ ప్రకటించి అభ్యంతరాలు ఉంటే చెప్పమని గడువు ఇస్తారు. ఉద్యోగం కోసం తిరిగే కుర్రవాళ్లు ఎన్నో ఏళ్లు గోలపెడితే వచ్చిన మర్యాద అది. క్విజ్ కార్డుకు గడువూ లేదు, అభ్యంతరమూ లేదు.

కొన్నేళ్ల కిందట ఒక మండలంలో హైస్కూళ్లకు పెట్టిన పోటీకి నన్ను బహుమతులు ఇవ్వడానికి పిలిచారు. మొదటి బహుమతి పెద్ద నిఘంటువు. మారుమూల ఊరి జట్టులో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె చురుకుగా జవాబులు చెపుతున్నది. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడని పక్కనున్న మాష్టారు చెప్పాడు. రెండు ప్రశ్నలు మిగిలాయనగా, భారత జాతీయ క్రీడ ఏదని అడిగారు. "ఏదీ లేదు సార్" అన్నది ఆ పిల్ల. సభ గొల్లుమన్నది. గంట కొట్టారు. పక్క జట్టు "హాకీ" అని పది మార్కులు పట్టుకుపోయింది.

నేను లేచి, ఆ పిల్ల చెప్పింది నిజమన్నాను. 2012లో లక్నో బడిపిల్ల ఒకతె సమాచార హక్కు చట్టం కింద అడిగితే, ఏ క్రీడనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్ర క్రీడల శాఖే జవాబిచ్చిందనీ, అది పత్రికల్లో పడిందనీ చెప్పాను. నిర్వాహకుడు నా దగ్గరకు వచ్చి వినయంగానే మాట్లాడాడు. "మీరు చెప్పింది నిజమే అయి ఉండవచ్చు సార్. కాని కార్డులో హాకీ అని ఉంది. ఇవే ప్రశ్నలు మిగతా మండలాలక్కూడా వెళ్లాయి. ఇక్కడ మారిస్తే అన్నిచోట్లా మార్చాలి."

ఆ పిల్ల ఇంకా నిలబడే ఉన్నది. "హాకీ అని ఏ సంవత్సరంలో ప్రకటించారు సార్?" అని క్విజ్ మాష్టారును అడిగింది. ఆయన కార్డు తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

"కూర్చో అమ్మా, టైమయిపోయింది" అని ఆయన తరువాతి ప్రశ్న చదివాడు. ఈసారి ఎవరూ గంట కొట్టలేదు.