బాగు చేద్దామా... తుక్కుకిద్దామా!

సుత్తి దెబ్బల చప్పుడు, వెల్డింగ్ మెరుపులు, డీజిల్ వాసన... విజయవాడ బందరు రోడ్డులో ఆటోనగర్ గేటు దాటి అడుగుపెడితే ముందుగా పలకరించేవి ఇవే. 1960ల నుంచీ లారీలకు ఇది పుట్టిల్లు, ఆసుపత్రి. కొన్నింటికి శ్మశానం కూడా! చెన్నై-కోల్‌కతా, హైదరాబాద్-మచిలీపట్నం జాతీయ రహదారులు కలిసే ఊరు కావడంతో ఎక్కడెక్కడి బండ్లో ఇక్కడికి చేరతాయి. ఒకచోట కొత్త ఛాసిస్‌కు బాడీ కడుతుంటారు. ఇంకోచోట పాత లారీని ముక్కలు చేసి కాటా వేస్తుంటారు. పది లక్షల కిలోమీటర్లు తిరిగిన బండిని ఎటు తోలాలో తేల్చుకోవడమే యజమానికి అసలు పరీక్ష. ఒక్క లారీనే నమ్ముకుని, తానే స్టీరింగ్ పట్టే యజమానికైతే అది ఇంటిల్లిపాది బతుకుతెరువు.

పొగే జాతకం

మేస్త్రీ ముందు బండి స్టార్ట్ చేయించి పొగ చూస్తాడు. నల్లగా వస్తే నాజిళ్లు, పంపు, ఎయిర్ ఫిల్టర్ల పనితో గట్టెక్కొచ్చు. నీలంగా వస్తే ఇంజినాయిల్ కాలుతోందన్నమాట. ఆయిల్ పోసే మూత తీస్తే ఆవిరి బుసలు కొడుతోందా... పిస్టన్ రింగులు, లైనర్లు అరిగిపోయినట్టే. అయినా మేస్త్రీ బెదరడు. లైనర్లు మార్చి, క్రాంక్ గ్రైండింగ్ చేయించి, హెడ్డు ఫేసింగ్ కొట్టిస్తే ఇంజిన్ మళ్లీ లేచి కూర్చుంటుంది. క్రాంక్‌కు ఒక షెడ్డు, రేడియేటర్‌కు ఒకటి, కమాను పట్టీలకు మరొకటి. కొత్త సామాను ఖరీదనుకుంటే తుక్కైన లారీ గేర్‌బాక్సు ఉండనే ఉంది.

మేస్త్రీ మొహం మారేది ఛాసిస్ కిందకు దూరినప్పుడే. పగులుకు వెల్డింగ్ పెట్టి ప్లేటు బిగించినా, ఓవర్‌లోడు పడితే పక్కనే మళ్లీ చీలే ప్రమాదం ఉంది. కైకలూరు, ఆకివీడు వైపు చేపల లోడు మోసిన బండికైతే ఐసు నీళ్లు కారీ కారీ తుప్పు లోపలిదాకా తినేసి ఉంటుంది. అలాంటి బండికి ఇంజిన్ పని చేయించడమంటే కూలే గోడకు సున్నం వేయడమే!

కాగితం వయసు

ఇంజిన్‌కు యవ్వనం తెప్పించొచ్చేమో కానీ ఆర్సీ మీద తేదీని ఏ మేస్త్రీ మార్చలేడు. 12 ఏళ్లు దాటిన లారీకి నేషనల్ పర్మిట్ రాదు. మల్టీ యాక్సిల్ బండికైతే 15 ఏళ్లు. ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ తప్పదు. 15 ఏళ్లు దాటిన భారీ వాహనాల ఫిట్‌నెస్ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి ఒక్కసారిగా 12,500 రూపాయలు చేశారు. 2025లో వయసును బట్టి మళ్లీ పెంచారు.

అందుకే ఒకప్పుడు కోల్‌కతా దాకా ఉరికిన బండి వయసు మీదపడ్డాక ఇటుక, ధాన్యం కిరాయిలకు పరిమితమవుతుంది. 2014లో రాష్ట్రం విడిపోయాక బెజవాడ లారీకి హైదరాబాద్ కూడా పొరుగు రాష్ట్రమే కదా! కాబట్టి మరమ్మతు బిల్లు చూసే ముందు, బాగయ్యాక ఆ బండికి ఏ కిరాయిలు దొరుకుతాయో చూసుకోవాలి.

కిస్తీలా... రిపేర్లా?

అప్పు తీరిపోయిన పాత బండి ఇంటిముందు ఆగి ఉన్నా ఫైనాన్స్ వాళ్లు తలుపు తట్టరు. కొత్త బండికి లోడు దొరికినా దొరక్కపోయినా కిస్తీ కట్టాల్సిందే. పైగా 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 లారీల్లో సెన్సర్లు ఎక్కువ. లోపం పట్టాలంటే స్కానర్ కావాలి. పాత ఇంజిన్ అయితే దారిలో ఏ షెడ్డులోనైనా చెవి ఆనించి జబ్బు చెప్పేవాళ్లున్నారు.

లెక్క మాత్రం తేలికే. మరమ్మతుకు మూడు లక్షలై, తర్వాత రెండేళ్లు బండి నికరంగా నడుస్తుందనుకుంటే నెలకు పన్నెండున్నర వేలు పడినట్టు. ఛాసిస్ గట్టిగా ఉండి, పర్మిట్‌కు ఆ రెండేళ్లూ మిగిలి ఉంటే బాగు చేయించుకోవడమే లాభం. అలాకాక ఈ నెల క్లచ్చు, వచ్చే నెల గేర్‌బాక్సు అంటూ పదేపదే షెడ్డుకు చేరే బండి బిల్లుతోపాటు కిరాయినీ మింగుతుంది. దాన్ని వదిలించుకోవడమే మేలు.

వదిలించుకునే పద్ధతి కూడా ముఖ్యమే. 2021లో వచ్చిన తుక్కు విధానం ప్రకారం గుర్తింపు ఉన్న కేంద్రానికి బండి అప్పగిస్తే సర్టిఫికెట్ ఇస్తారు. దాంతో కొత్త రవాణా వాహనం కొంటే రోడ్డు పన్నులో 15 శాతం వరకు రాయితీ పొందే వీలుంది. ఊరికే కాటాకు అమ్మేసి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోకపోతే... బండి పోయినా పన్ను బకాయి వెంటాడుతుంది!

బేరం కుదిరాక యజమాని క్యాబిన్‌లోని దేవుడి పటం తీసి చంకన పెట్టుకుంటాడు. కట్టర్ మంట వెలిగేసరికి ఇంజిన్ కోసం ఇంకో లారీ వాళ్లు వచ్చి నిలబడతారు. ఆటోనగర్‌లో లారీ మొత్తంగా చనిపోవడం అరుదే.