రెండు కాపీలు, ఒకే డబ్బా

సూరత్‌లోని సలాబత్‌పురాలో హార్డ్ డిస్కుల గురించి నలుగురికీ సలహాలిచ్చే ఒక తెలుగు మెకానిక్, 2005లో తానిచ్చిన ఒక సలహాను ఇంకా మోస్తూనే ఉన్నాడు

సాయంత్రం ఏడు దాటితే ఆ సన్నటి గదిలో కుర్చీ దొరకడం కష్టం. బయట, రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ల నుంచి చీరల మూటలు మోసుకొచ్చే టెంపోలు గల్లీ మలుపులో హారన్లు కొడుతుంటాయి. లోపల బల్లమీద విప్పేసిన క్యాబినెట్, స్క్రూడ్రైవర్, సగం తాగిన టీ. "అన్నా, ఒక టీబీది తీసుకోవాల్నా, రెండు టీబీలదా?" "ఎస్ఎస్‌డీ మంచిదా, పాత రకం మంచిదా?" "ఈ పెన్‌డ్రైవ్ రెండు టీబీలని ఐదొందలకిచ్చిండు, అసలుదేనా?"

చివరి ప్రశ్నకు అతను వెంటనే జవాబు చెబుతాడు: కాదు. లోపలి చిప్ చిన్నదే, దాని నోట అబద్ధం చెప్పిస్తారంతే. నిండేదాకా ఫైళ్లు నింపి, మళ్లీ చదివి చూస్తే బండారం బయటపడుతుంది. మొదటి రెండు ప్రశ్నలకు మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాడు. "దాంట్ల ఏం పెడ్తవ్? అది పోతే ఏమైతది?" కొనడానికొచ్చినవాళ్లకు ఈ ప్రశ్న నచ్చదు. రేటు చెప్పమంటే జాతకం అడుగుతాడేమిటని విసుక్కుంటారు. అయినా అడగకుండా వదలడు.

అతని వయసు ఇప్పుడు 48. తండ్రి వరంగల్ జిల్లా నుంచి మరమగ్గాల పని కోసం సూరత్ వచ్చిన పద్మశాలి. వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి అలా వచ్చినవాళ్లు సూరత్‌లో వేలల్లో ఉన్నారు. వాళ్ల పిల్లల కోసం మున్సిపల్ కార్పొరేషన్ గుజరాతీ, మరాఠీ, ఉర్దూ బడులతో పాటు తెలుగు మీడియం బడులూ నడిపింది. అతను చదివింది అలాంటి బడిలోనే. మగ్గం ఎక్కకుండా 1990ల చివర్లో ఒక దుకాణంలో కంప్యూటర్లు బిగించడం నేర్చుకున్నాడు.

తండ్రికి ఇది పెద్ద వింతగా తోచలేదు. ఆయన జకార్డ్ మగ్గం మీద పనిచేసినవాడు. డిజైన్ అంటే ఆయనకు తాళ్లతో కలిపి కుట్టిన అట్టల దండ. అట్టలో రంధ్రం ఉంటే పడుగు దారం లేస్తుంది, లేకపోతే లేవదు. ఫ్రాన్స్‌లోని లియాన్‌కు చెందిన జోసెఫ్ మారీ జకార్డ్ 1804లో తెచ్చిన పద్ధతి అది. రంధ్రాల అట్టలతోనే హెర్మన్ హోలరిత్ 1890 నాటి అమెరికా జనాభా లెక్కలను యంత్రాలకెక్కించాడు. ఆ తర్వాత కంప్యూటర్లూ చాలాకాలం రంధ్రాల కార్డుల మీదే నడిచాయి. డేటా అన్న మాట తెలియకపోయినా, దాన్ని ఎలకలకు అందకుండా అటక మీద పెట్టాలన్న సంగతి తండ్రికి తెలుసు.

సమస్య వచ్చింది బావతో. అక్క భర్త తాపీ నదికి అవతలి ఒడ్డున, అడాజణ్‌లో, కింది అంతస్తు గది అద్దెకు తీసుకుని ఎంబ్రాయిడరీ యంత్రాలకు డిజైన్లు తయారుచేసేవాడు. 2005లో ఒకరోజు వచ్చి అడిగాడు. "బామ్మర్దీ, మూడేండ్ల పని ఒక్క డబ్బలనే ఉన్నది. అది ఖరాబైతే ఎట్ల?" అప్పటికి అతనికి 28 ఏళ్లు. చేతిలో పనితనం, నోట్లో ఇంగ్లీషు మాటలు కొత్తగా పదునెక్కిన రోజులు. రెండో హార్డ్ డిస్కు తెచ్చి అదే క్యాబినెట్‌లో బిగించాడు. ఒక డిస్కులో రాసింది ఆ క్షణమే రెండోదాంట్లోనూ పడేలా అమర్చాడు. "ఒకటి పోయినా ఇంకోటి ఉంటది, ఫికర్ చెయ్యకు" అన్నాడు. బావ ధైర్యంగా తన తల్లి పాడిన నాలుగు బతుకమ్మ పాటలను కూడా క్యాసెట్ నుంచి అందులోకి ఎక్కించాడు. ఆమె 2004లో చనిపోయింది. పని అయ్యాక ఆ క్యాసెట్ మీద పిల్లలు సినిమా పాటలు రికార్డు చేసుకున్నారు.

సలహా తప్పని అప్పుడెవరూ అనలేదు. పుస్తకాల ప్రకారం అది మంచి సలహానే, ఒక డిస్కు చెడిపోవడమొక్కటే ఆపద అనుకుంటే.

2006 ఆగస్టులో వచ్చిన ఆపద వేరు. ఎగువన ఉకాయి జలాశయం నిండిపోయి, 9 లక్షల క్యూసెక్కుల దాకా నీటిని కిందికి వదలడంతో ఆగస్టు 7 నుంచి సూరత్‌లో అత్యధిక భాగం మునిగింది. అడాజణ్, రాందేర్‌లలో కింది అంతస్తులు కనిపించకుండా పోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్లు పడవల్లో వచ్చాయి. నీళ్లు తీశాక బావ గదిలోకి వెళ్లి చూస్తే, రెండు డిస్కులూ పక్కపక్కనే, ఒకే బురదలో ఉన్నాయి.

అక్కడ రెండో తప్పు జరిగింది. దాన్ని చెప్పడానికి అతనికి ఇప్పటికీ గొంతు తగ్గుతుంది. డిస్కులను కడిగి, డాబా మీద మూడు రోజులు ఎండబెట్టి, కరెంటు పెట్టాడు. టక్, టక్ అని శబ్దం వచ్చి ఆగిపోయాయి. డిస్కు లోపల తిరిగే పళ్లేనికీ దాన్ని చదివే హెడ్‌కూ మధ్య ఉండే ఖాళీ కంటికి కనబడనంత సన్నం. ఎండిన బురద రేణువు ఒక్కటున్నా అది గీసుకుపోతుంది. నీళ్లలో మునిగిన డిస్కును ఎండబెట్టకూడదు, కరెంటు అసలే పెట్టకూడదు, తడి ఆరకుండా సంచిలో మూసి దుమ్ములేని గదులున్న నిపుణుల దగ్గరికి పంపాలి. ఈ సంగతి అతనికి నెల తర్వాత ముంబైలోని ఒక డేటా రికవరీ సంస్థ చెప్పింది. వాళ్లడిగిన సొమ్ము కంప్యూటర్ ఖరీదును మించిపోయింది, అదీ దొరుకుతుందన్న హామీ లేకుండా.

బావ పల్లెత్తు మాట అనలేదు. డిజైన్లు పోయాక సేఠ్‌ల దగ్గర పేరూ పోయింది. నాలుగేళ్లపాటు ఇంకొకరి యంత్రం దగ్గర ఆపరేటర్‌గా నిలబడ్డాడు. ఎంబ్రాయిడరీ డిజైన్ ఫైలు చాలా చిన్నది, కొన్ని వందల కేబీలకు మించదు. ఆ మూడేళ్ల పనంతా ఒకటి రెండు సీడీల్లో పట్టేది. ఆ సీడీలు సలాబత్‌పురాలో అత్తగారి రెండో అంతస్తులో ఉంటే చాలు. అదే అటక మీద మామ దాచుకున్న జకార్డ్ అట్టలు ఆ వరదలోనూ చెక్కుచెదరలేదు మరి.

ఆ తర్వాత సలహా చెప్పేవాడే సలహా కోసం తిరిగాడు. పాత దుకాణదారులను, హైదరాబాద్‌లో సర్వర్ల పని చేసే దూరపు చుట్టాన్ని అడిగాడు. తలా ఒక కంపెనీ పేరు చెప్పారు. ఒకరు దేవుడన్న కంపెనీని ఇంకొకరు దెయ్యమన్నారు. ప్రతివాడి అభిప్రాయం వెనకా తనకు చెడిపోయిన ఒకటి రెండు డిస్కులు తప్ప మరేమీ లేదని అతనికి మెల్లగా తెలిసింది. గూగుల్ ఇంజనీర్లు 2007లో లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ఒక పత్రం ప్రచురించారు. వేడికీ, చెడిపోవడానికీ అందరూ అనుకున్నంత సంబంధం వాళ్లకు కనబడలేదు. అంతకన్నా గుబులు పుట్టించే సంగతి, చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా ముఖ్యమైన హెచ్చరికలేవీ ముందుగా ఇవ్వలేదు. అంటే ఏది కొన్నా అది ఒకరోజు చెప్పకుండా పోతుందనుకునే కొనాలి. సూరత్ ఎండకు భయపడి అదనపు ఫ్యాన్లు అడిగేవాళ్లకు అతనీ మాట చెబుతాడు, ఫ్యాన్ అమ్ముకునే లాభం వదులుకుని.

నీళ్లు మరోసారి అతని బల్ల దాకా వచ్చాయి. 2011 చివర్లో థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి హార్డ్ డిస్కుల ఫ్యాక్టరీలు మునిగితే, ధరలు కొద్ది వారాల్లోనే దాదాపు రెట్టింపయ్యాయి. "ఇప్పుడు కొనకు, ఆగు" అన్నది ఆ ఏడాది అతను ఎక్కువగా ఇచ్చిన సలహా. ఆగమన్నవాళ్లలో ఒకరి డిస్కు ఆ చలికాలమే చెడిపోయింది. ఈ వృత్తిలో అలాంటివి లెక్కలోకొస్తూనే ఉంటాయి.

ఇంటర్నెట్‌లో పెట్టేస్తే పోలేదా అని కుర్రాళ్లంటారు. అతను వద్దనడు, అదొక్కటే చాలనీ అనడు. గూగుల్ ఫొటోస్‌లో పరిమితి లేని ఉచితం 2021 జూన్ 1తో ముగిసింది. అదే నెలలో, కంపెనీ ఎప్పుడో పట్టించుకోవడం మానేసిన పాత మై బుక్ లైవ్ పెట్టెల్లో డేటాను ఎవరో ఇంటర్నెట్ ద్వారా దూరి చెరిపేశారు. వాళ్లంతా తమ ఫొటోలు ఇంట్లో భద్రంగా ఉన్నాయనుకున్నవాళ్లే. మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట అన్నది అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క. అతను ఆ లెక్కను తిప్పి, చివరిదాన్నే ముందు చెబుతాడు. వేరే చోటు దొరకనివాళ్లకు డిస్కు అమ్మడానికి మనసొప్పదు. అద్దె గదిలో పదిమంది సర్దుకునే కుటుంబానికి వేరే చోటంటే ఎక్కడ? పక్క గల్లీలో మేనత్త ఇల్లు, పనిచేసే చోట సొరుగు, ఊళ్లో తమ్ముడి ట్రంకు పెట్టె.

బావ మళ్లీ సొంతంగా డిజైన్లు చేస్తున్నాడు. గది మూడో అంతస్తులో ఉంది. ఏటా దసరాకు నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ వెళ్లేటప్పుడు ఒక చిన్న హార్డ్ డిస్కు పాత చీర ముక్కలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి తీసుకెళ్తాడు. ఊళ్లో ట్రంకు పెట్టెలో ఉన్న నిరుటి డిస్కును తిరిగి తెస్తాడు. ఆ నాలుగు పాటలు మాత్రం ఏ డిస్కులోనూ లేవు. వాటి మాట ఇద్దరూ ఎత్తరు.

పోయిన దసరా తర్వాత బావ డబ్బా తెచ్చి బల్లమీద పెట్టాడు.

"తెరిచి చూసినవా?"

"పెట్టెల పెట్టిందాన్ని ఏం చూస్తరు? నువ్వే చూడు."

తీగ తగిలించాడు. డిజైన్లన్నీ ఉన్నాయి. ఫొటోల్లో పదకొండు తెరుచుకోలేదు. బావ ముఖం చూడకుండా, ఇంకో డిస్కు తీసి, ఆ పదకొండూ అందులో ఉన్నాయో లేదో ఒక్కొక్కటే వెతకడం మొదలుపెట్టాడు. ఎనిమిది దొరికేసరికి బయట దుకాణాల షట్టర్లు దించుతున్నారు. బావ ఇంకో టీ చెప్పాడు.