కొండకర్ల ఆవలో వేసవి తొలిదినాలు

విశాఖపట్నం అనగానే ఓడరేవు, ఉక్కు కర్మాగారము, సముద్రపు ఒడ్డు మనకు గుర్తుకు వస్తాయి. కూర్మన్నపాలెం దాటి, అనకాపల్లి నుండి అచ్యుతాపురం రోడ్డు పట్టుకుంటే, నగరానికి సుమారు 40 కిలోమీటర్లకు పైగా దూరంలో కొండకర్ల ఆవ ఉన్నది. నీరు నిలిచే పల్లపు నేలను మన వైపు ఆవ అంటారు. కొల్లేరు తర్వాత రాష్ట్రంలో రెండవ పెద్ద మంచినీటి సరస్సుగా దీనికి పేరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు ఇది అనకాపల్లి జిల్లాలో చేరినది.

ఏప్రిల్ మొదటి వారంలో మా సంఘ యౌవనస్థులతో కలిసి ఉదయం 6 గంటలకే అక్కడికి చేరుకున్నాము. "పక్షులు వెళ్లిపోయాక ఇప్పుడెందుకండీ?" అని ముందు రోజు కొందరు అడిగారు. నిజమే, చలికాలంలో ఉత్తర దేశాల నుండి వచ్చే బాతులు మార్చి నెలాఖరుకు చాలావరకు తిరుగుముఖం పడతాయి. అయితే చుట్టాలు వెళ్లాకనే ఇంటివారు కనబడతారు కదా!

రెండు తాటిమానులు తొలిచి జతగా కట్టిన దోనెలో కూర్చున్నాము. గట్టున గుడ్డికొంగల వీపు ముదురు ఎరుపు తిరిగినది. పశువుల వెంట తిరిగే తెల్లకొంగల తల, మెడ పసుపుపచ్చగా మారినవి. అవి జతకట్టే కాలం వస్తున్నదనడానికి ఇదే గుర్తు. నత్తగుల్ల కొంగలు తగ్గిన నీటిలో నత్తలు ఏరుకొంటున్నవి. తామరాకుల మీద పొడవాటి వేళ్లతో నడిచే చిన్న పిట్టను చూసి మా పిల్లలు ఆశ్చర్యపోయారు. వానలు పడ్డాక ఈ జాతిలో గుడ్లు పొదిగేది, పిల్లలను సాకేది తండ్రి పక్షే!

మధ్యలో దోనె ఆగిపోయినది. ముందంతా గుర్రపుడెక్క. "తియ్యకపోతే మా దారి మూసేస్తాదండి, పాస్టరుగారూ. చేపా దొరకదు" అన్నాడు దోనె నడిపే పెద్దాయన. దక్షిణ అమెరికా నుండి వచ్చిన ఈ మొక్క అనుకూలమైన నీటిలో రెండు వారాలకే రెట్టింపు కాగలదు. అది కమ్ముకుంటే లోపలికి వెలుతురు పోదు, నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. ఎండలకు నీరు వేడెక్కితే ఆ వాయువు మరింత తగ్గుతుంది. చేపలు చస్తే పక్షులకూ ఆకలే, దోనెవారికీ ఆకలే. అందుచేత ఆవకు గడ్డుకాలం పక్షులు లేవనుకొనే ఈ వేసవి నెలలే. చలికాలపు చుట్టాలు మరల రావాలంటే ఇప్పుడే దానిని కాపాడుకోవాలి.

మీరును ఈ వేసవిలో పిల్లలతో వెళ్లండి. ఎండ ముదరక ముందే వెళ్లండి. పాటల పెట్టెలు ఇంటి వద్దనే ఉంచండి. తీసుకువెళ్లిన ప్లాస్టిక్ సంచులను తిరిగి తెచ్చుకోండి. దోనెవారికి బేరమాడకుండా కూలి ఇవ్వండి. ఆవను ప్రతిదినము కనిపెట్టుకొని ఉండేవారు వారే.