నడుమ దిండు పెట్టి అలయ్ బలయ్

మన దిక్కు పరామర్శకు ఒక పద్ధతుంది. వచ్చినాయన ముందు యాపిల్ పండ్ల సంచి గూట్లో పెడతాడు. తర్వాత కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని ‘ఇప్పుడెట్లుంది సారూ పానం?’ అని అడుగుతాడు. మనం నోరు తెరిచేలోపే, ఇదే ఆపరేషన్ చేయించుకుని నెల తిరక్కముందే పోయిన వాళ్ల మేనమామ ముచ్చట ఎత్తుకుంటాడు. ఆ మేనమామ ఏం తిన్నాడు, ఏ రాత్రి ఎట్లా ఆయాసపడ్డాడు, అంబులెన్స్ ఎక్కడ ఆగిపోయింది, అంతా పూసగుచ్చినట్టు చెప్పి, లేచేటప్పుడు ‘నువ్వు మాత్రం రంది పెట్టుకోకు సారూ’ అని ధైర్యం చెబుతాడు. మీ ఇంట్లో గుండె ఆపరేషన్ అయినవాళ్లుంటే ఈ మేనమామ మీకూ ఎరుకే.

నాకు 2025 శ్రావణంలో బైపాస్ అయింది. మాది తొగుట. బడిపంతులుగా చేసి రిటైరయ్యాను కాబట్టి మండలంలో సగం మంది నా దగ్గర ఎక్కాలు నేర్చినవాళ్లే; పరామర్శలకు కొదవ లేదు. పైగా 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో టికెట్టు లేకపోయె. అక్కలు, చెల్లెండ్లు, మేనకోడళ్లు, వాళ్ల తోడికోడళ్లు, ఎన్నడూ గడప తొక్కని బంధుత్వాలన్నీ ఆధార్ కార్డు పట్టుకుని వచ్చి చూసిపోయారు. ప్రేమే. కాదనను. కానీ ప్రేమకు కూడా డోసు ఉండాలి కదా.

ఈ బైపాస్ సంగతి కొంచెం చెప్పుకుందాం, అది తెలిస్తేనే తర్వాతి ముచ్చట రుచిస్తుంది. గుండెకు నెత్తురు పోసే నాళం పూడుకుపోతే, కాలిలో నుంచి ఒక నాళం తీసి, పూడిక దాటేట్టు పక్కనుంచి అతుకుతారు. ఈ పద్ధతిని 1967లో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో నిలబెట్టినాయన రెనే ఫవలోరో. అర్జెంటీనా మనిషి. అమెరికా పోకముందు తన దేశంలో ఒక మారుమూల పల్లెలో పన్నెండేండ్లు ఊరి డాక్టరుగా పనిచేశాడు. పల్లెటూరి డాక్టరు కనిపెట్టిన వైద్యం పల్లెటూరి పంతులుకు అందిందని నాకు లోపల ఒక సంబురం. మన దేశంలో ఈ ఆపరేషన్ మొదట చేసింది కె.ఎం. చెరియన్, మద్రాసులో, 1975లో. నేనప్పుడు తుమ్మచెట్టు కింద గోలీలాడుతున్నాను. ఇప్పుడు పొద్దున నాలుగు, రాత్రి అయిదు గోలీలు.

గుండెను అందుకోవాలంటే ముందు రొమ్ము ఎముకను నిలువునా కోయాలి. పనయ్యాక స్టీలు తీగెలతో కట్టేస్తారు. ఆ ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, గట్టిపడడానికి దాదాపు మూడు నెలలు. అప్పటిదాకా బరువెత్తొద్దు, బండి నడపొద్దు, చేతుల మీద బలం వేసి లేవొద్దు. దగ్గొస్తే రొమ్ముకు ఒక దిండు అదుముకుని దగ్గాలి. ఆ దిండు నాకు మనవడికంటే దగ్గరి చుట్టమైంది. ఎక్కడికి పోయినా చంకలోనే.

సరిగ్గా ఆ లెక్కలోనే బతుకమ్మ వచ్చింది. సెప్టెంబర్ 21న ఎంగిలిపూలు.

ఏటా మా ఇంట్లో పూలకు పోయేది నేనే. తెల్లారకముందే గుట్టల దిక్కు పోయి తంగేడు, చెలకల గట్ల మీద గునుగు కోసి మూట కట్టుకుని రావడం నా పని, నా గర్వం. మల్లన్నసాగర్ కట్టినంక మా దిక్కు గుట్టలు, చెలకలు చాలా నీళ్ల కిందికి పోయాయి. యాభై టీఎంసీల నీళ్లంటే మాటలా! 2022 ఫిబ్రవరిలో ఆ జలాశయాన్ని ప్రారంభించారు. వేములఘాట్, పల్లెపహాడ్ లాంటి ఊళ్లకు ఊళ్లే మునిగాయి. మా మరదలి తల్లిగారూరు వేములఘాట్. బతుకమ్మకు ఆడిబిడ్డ తల్లిగారింటికి పోవాలి. ఆమె ఇప్పుడు గజ్వేల్ దగ్గర ముట్రాజ్‌పల్లి కాలనీకి పోతుంది. ‘బతుకమ్మ అదే, చెరువే వేరు’ అంటుంది. ఆమె ముందు నా కుట్ల సంగతి ఎత్తడానికి నాకు నోరు రాదు.

సరే, పూలకు అల్లుడు పోయాడు. నన్నేమో అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. కాలు వాయకుండా ముందర ఒక స్టూలు. చంకలో దిండు. ఇల్లంతా ఉరుకులాట, నేనొక్కణ్ని ఊరికే. ‘సార్‌ను లేపకుండ్రి’, ‘బాపుకు చెప్పకుండ్రి’, ‘తాత దగ్గర లొల్లి చెయ్యకుండ్రి’. ఇంట్లో మనిషిని కాదు, ఇంటికి తెచ్చిన గాజు సామాను అయ్యాను. ఆపరేషన్ నొప్పి నేను ఓర్చుకున్నాను, ఈ మర్యాద ఓర్చుకోలేకపోయాను. చిన్న మాటకు కోపం, మరో మాటకు కండ్లల్ల నీళ్లు. గుండె ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు మనసు కుంగడం చాలామందికి ఉండేదేనట. దవాఖానలో ఇంటికి పంపేటప్పుడే చెప్పారు. అది మందుల చీటీ మీద రాయలేదు కాబట్టి ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, నైవేద్యం పెట్టరు. వెనకటికి మాంసం ముక్క తగిలి అమ్మ అలిగిందని చెబుతారు. ఆ రోజు ఇంట్లో అలిగింది అమ్మ ఒక్కతే కాదు. పొద్దున జావ తాగనని గోడ దిక్కు తిరిగి పడుకున్నాను.

అప్పుడు మా పెద్దక్క వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, నోట్లో పండ్లు లేవు గాని మాటకు పదును పోలేదు. పరామర్శ లేదు, యాపిల్ పండ్లు లేవు. మంచం పక్కన నిలబడి, ‘తమ్మీ, చేతులు పనిజేస్తున్నయా నీయి?’ అన్నది. చేస్తున్నాయన్నాను. ‘మరి ఉత్తగ పన్నవేందిరా? సద్దుల నాటికి గునుగంత నువ్వే కొయ్యాలె, రంగులల్ల నువ్వే ముంచాలె. లెవ్!’ ఇంట్లోవాళ్లు నోరెళ్లబెట్టారు. నా భార్య అడ్డం రాబోయింది. అక్క వినలేదు.

గునుగు పువ్వు బరువెంత? ఏం లేదు. కాడలు సమానంగా కత్తిరించాలి, కట్టలు కట్టాలి, తెల్లటి కొసలను ఎర్ర రంగులో, నీలి రంగులో ముంచి ఆరబెట్టాలి. భుజాలు పైకెత్తే పని లేదు, రొమ్ము మీద బలం పడేది లేదు. కూర్చుని చేసే పని, మధ్యమధ్య లేచి నాలుగడుగులు నడవొచ్చు. సద్దుల నాటికి నా వేళ్లు నీలం, గోళ్లు ఎరుపు. మనవడు నాకు ‘గునుగు తాత’ అని పేరు పెట్టాడు. ఆ రాత్రి గోలీ వేసుకోకుండానే నిద్ర పట్టింది. నిద్ర గోలీ సంగతి చెబుతున్నాను సుమా. గుండె గోలీలు పండుగైనా పబ్బమైనా ఒక్క పూట కూడా మానొద్దు. నవరాత్రుల్లో ఉపవాసమని పొద్దంతా ఏమీ తినకుండా షుగరు గోలీ మాత్రం భక్తిగా వేసుకునేవాళ్లను చూశాను. షుగరు ఒక్కసారిగా పడిపోయి కండ్లు తిరిగి పడితే దుర్గమ్మకు పుణ్యం రాదు. ఉపవాసం ఉండాలనుకుంటే ముందు డాక్టరును అడగండి.

ఇక తిండి. నా పథ్యాన్ని మా ఇంటామె ఇంటందరికీ పంచింది. ఉప్పు లేని పప్పు, నూనె కనపడని కూర. రెండు రోజులకు మనవలు అంగడి నుంచి చిప్స్ పొట్లాలు తెచ్చుకుని బాత్రూంలో తిన్నారు. మనిషికి రోజుకు ఉప్పు అయిదు గ్రాముల లోపే, అంటే చెంచాడే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ చెబుతున్నది, నిజమే. కానీ పండుగ నాడు పిల్లల విస్తట్లో పులిహోర చప్పగా ఉంటే, వాళ్లకు గుర్తుండేది తాత బతికిన దసరా కాదు, తాత చెడగొట్టిన దసరా. మా కోడలు ఉపాయం చెప్పింది. తాలింపుకు ముందే, ఉప్పు వేయకముందే నా గిన్నె పక్కకు తీసేయడం. ఆ తర్వాత వాళ్ల ఇష్టం. ఇంత చిన్న పనికి అంత రభస ఎందుకయిందో నాకిప్పటికీ తెలియదు. మలీద ముద్ద మాత్రం ఒక్కటే, అదీ గోలీ గుండంత, మా ఇంటామె చేతి నుంచి మాత్రమే. నెయ్యి, బెల్లం, నువ్వులు కలిసిన ఆ వాసనకు డాక్టరు అడ్డం చెప్పలేదు కాబట్టి కడుపునిండా పీల్చుకున్నాను.

మటన్ విషయంలో నన్ను కాపాడింది గాంధీ తాత. 2025లో దసరా సరిగ్గా అక్టోబర్ 2నే పడింది. వైన్ షాపులు బంద్. హైదరాబాద్‌లో మాంసం దుకాణాలు కూడా మూయాలన్నారు. ఊళ్లో జనం ముందురోజే కొని ఫ్రిజ్‌లు నింపుకున్నారనేది వేరే ముచ్చట. మనవాళ్లకు ముందుచూపు అట్లాంటి చోట బాగా ఉంటుంది. మా ఇంట్లో మాత్రం ‘ఇయ్యాల గాంధీ జయంతి’ అని ఒక మాట అనుకుని కోడిని కూడా వదిలేశారు. అల్లుడి మొహం చూడాలి! పాపం, దసరాకు అత్తగారింటికి వచ్చి పప్పన్నం తిన్న అల్లుడు మా వంశంలో ఆయనొక్కడే.

సాయంత్రం జమ్మికి పోవాలి. మన రాష్ట్రం 2014లో పక్షి, జంతువు, చెట్టు, పువ్వు అని నాలుగు గుర్తులు పెట్టుకుంది. అందులో జింకను పక్కన పెడితే పాలపిట్ట, జమ్మి, తంగేడు మూడూ ఈ పండుగవే. మా సిద్దిపేట జిల్లా పుట్టింది కూడా 2016 దసరా నాడే. అట్లాంటి దసరా నాడు ఊరి పొలిమేర దాటకుండా ఇంట్లో కూర్చోవడం ఎట్లా? రోజూ మెల్లగా నడవాలని డాక్టరు చెప్పనే చెప్పాడు. జమ్మిచెట్టు దాకా నడక, మధ్యలో ఆగి పాలపిట్ట కోసం కరెంటు తీగెల దిక్కు చూడడం. ఇంతకంటే మంచి వ్యాయామం ఏ దవాఖాన రాసిస్తుంది? వెనక డీజే ఒకటి రాకపోతే ఇంకా బాగుండేది. దాని దరువు కుట్ల మీద పడుతుంటే, లోపలి తీగెలు కూడా తాళం వేస్తున్నాయా అనిపించింది. బతుకమ్మకు చప్పట్లున్నాయి, జమ్మికి డప్పుంది, డీజే ఎవరికి కావాలో నాకర్థం కాదు.

అసలు గండం జమ్మి దగ్గరుంది. ఆకు చేతిలో పెట్టి, పెద్దవాళ్ల కాళ్లు మొక్కి, సోపతిగాళ్లను గట్టిగా గుండెకు హత్తుకోవడం మన ఆచారం. బండారు దత్తాత్రేయ 2005 నుంచి హైదరాబాద్‌లో ఏటా దసరా వెళ్లినంక అన్ని పార్టీలవాళ్లనూ పిలిచి చేసేది ఈ అలయ్ బలయే. పార్టీలవాళ్లు పైపైన హత్తుకుంటారేమో గాని మా ఊళ్లో హత్తుకుంటే పక్కటెముకలు లెక్క తెలుస్తాయి. తీగెలతో కట్టిన రొమ్ముకు అది పనికిరాదు. అందుకని మనవడిని నా ముందు కాపలా పెట్టారు. వచ్చినవాళ్లకల్లా వాడు ‘తాతకు అలయ్ బలయ్ లేదు, చెయ్యి మాత్రమే’ అని కండక్టర్ లెక్క చెబుతున్నాడు.

అందరూ విన్నారు. నా చిన్ననాటి సోపతిగాడు ఒకడున్నాడు, వాడు వినలేదు. మనవణ్ని పక్కకు జరిపి, రెండు చేతులు చాపి, నా చంకలో దిండు చూసి ఆగాడు. ‘గిది నడుమ పెట్టు’ అన్నాడు. పెట్టాను. ఇద్దరం చెరోదిక్కు దిండును హత్తుకున్నాం. వాడి చేతులు నా వీపు దాకా రాలేదు, నా కుట్లకు నొప్పి తాకలేదు. పక్కనున్నవాళ్లంతా ఒకటే నవ్వు. తర్వాత ఇంకో పదిమంది దిండు కోసం వరస కట్టారు.

ఇదంతా విని, ఆపరేషన్ అయినవాడికి పండుగ నాడు చిన్న పనేదైనా ఇవ్వాలని చెబుతున్నాననుకుంటారు. చెబుతున్నాను, కానీ సగమే. మిగతా సగం మా వాడకట్టులో కనిపించింది.

సద్దుల బతుకమ్మ నాడు రంగు గిన్నె అడగడానికి ఒక ఇంటికి పోయాను. ఆ ఇంటామెకు గర్భసంచి తీసేసి మూడు వారాలు కూడా కాలేదు. బరువెత్తొద్దని, వంగి చేసే పనులు వద్దని ఆమెకూ చెప్పే పంపారు. పొయ్యి ముందు కూర్చుని సత్తు ముద్దలు కడుతున్నది. పక్కన నీళ్ల బిందె, అదీ ఆమే తెచ్చుకున్నది. ‘ఇదేందమ్మా?’ అంటే, ‘ఇంకెవలు చేస్తరు సారూ, పండుగాయె’ అన్నది. ఇంట్లో ఇద్దరు కొడుకులున్నారు, మొగుడున్నాడు. ముగ్గురూ పేర్చిన బతుకమ్మకు ఫోన్లో ఫొటోలు తీస్తున్నారు.

నాకు గునుగు కోసే పని దొరకడం వైద్యమైంది, ఎందుకంటే నా చేతుల్లో అప్పటిదాకా పనే లేదు. ఆమెకు కావలసింది అరుగు మీది ఆ ప్లాస్టిక్ కుర్చీ, కాలి కింద స్టూలు, ‘అమ్మను లేపకుండ్రి’ అనే మాట. ఇంటికి వచ్చి చూస్తే మా ఇంటామె, శ్రావణం నుంచి నన్ను కడిగి, తుడిచి, గోలీలు లెక్కపెట్టి, ఆ పైన తొమ్మిది రోజుల పండుగ చేసిన మనిషి, గడప మీద కూర్చుని నడుము పట్టుకుంటున్నది. ఆమెను పరామర్శించడానికి ఇంతవరకు ఒక్క యాపిల్ పండు రాలేదు. అమ్మవారికైతే అలగడానికి ఒక రోజు పంచాంగంలోనే ఉంది.

ముందున్నది సంక్రాంతి. పిండి విసిరి, తడి గుడ్డ పరిచి, మోకాళ్ల మీద కూర్చుని చుట్లు చుట్లుగా సకినాలు పోసే పండుగ. నడుముకు దసరాకంటే కష్టం. మీ ఇంట్లో ఆపరేషనైన మగమనిషి ఉంటే నువ్వులు ఏరడానికి ఆయన ముందు చాట పెట్టండి. ఆడమనిషి ఉంటే సకినాలు సిద్దిపేట అంగట్లో కొనుక్కొచ్చుకోండి, కిలో రెండు కిలోలు. ఇంట్లో చేసినంత రుచిగా ఉండవు. ఈ ఒక్క ఏడు అట్లనే తినండి.