రెండు రోజుల అరకు... ఓ చిన్న ‘ఎస్’

ఉండేది విశాఖలోనే. అయినా అరకు చూడ్డానికి మా ఇంటిల్లిపాదికీ ఇన్నేళ్లు పట్టింది. పిల్లల పరీక్షలు, నా సెలవులు ఎప్పుడూ కలిసేవి కావు మరి. మొన్న అక్టోబరులో ఎలాగో కుదిరింది. సెలవు చీటీలో ‘ఎ టూ డేస్ ట్రిప్ టు అరకు’ అని రాసిచ్చా. మా ఆఫీసరు సంతకం పెట్టారు, కానీ ‘డేస్’ చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టారు. తప్పేమిటో అర్థం కాలేదు. అడగడానికి మొహం చెల్లలేదు. చదివింది తెలుగు మీడియం కదా!

తెల్లారే కిరండూల్ రైలెక్కాం. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు చేర్చడానికి వేసిన దారి ఇది. యాభైకి పైగా సొరంగాలు. ఒక్కోటి వచ్చినప్పుడల్లా బోగీలో పిల్లల కేకలు. ఆ సందట్లోనే ఇంటర్ చదివే మా అమ్మాయికి ఎర్రసున్నా సంగతి చెప్పా.

నవ్వేస్తుందనుకున్నా. నవ్వలేదు. ‘ఫైవ్ స్టార్స్ హోటల్ అంటామా నాన్నా?’ అంది. అనం. ‘హండ్రెడ్ రుపీస్ నోట్?’ అదీ అనం. ‘ఇదీ అంతే. అంకె, రోజు కలిసి ట్రిప్ ముందు విశేషణంగా నిలబడితే ఎస్ ఉండదు. ఎ టూ-డే ట్రిప్. మధ్యలో చిన్న గీత. తెలుగులో రెండు రోజుల ప్రయాణం అంటాం కాబట్టి నీకు డేస్ వచ్చేసింది.’

మరి సెలవుకో? ‘టూ డేస్ లీవ్ అనొచ్చు. అక్కడ ఎస్ తర్వాత అపాస్ట్రఫీ పెట్టాలి, ముందు ఎ ఉండకూడదు. ఒక్కరోజే అయితే అపాస్ట్రఫీ ఎస్‌కు ముందుకొస్తుంది. ఫర్ టూ డేస్ అన్నప్పుడు మామూలు ఎస్ చాలు.’ ఇంకోటీ చెప్పింది. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొస్తేనే ‘డే ట్రిప్’ అట. ఇన్నాళ్ల బెరుకు రెండు సొరంగాల మధ్య తీరిపోయింది.

అరకులో దిగగానే చల్లగాలి. మ్యూజియంలో గిరిజనుల ఇళ్లు, పనిముట్లు, పద్మాపురం తోటలో చెట్ల మీది గుడిసెలు చూశాం. సాయంత్రం వేడివేడి కాఫీ, వెదురుబొంగులో కాల్చిన చికెన్. మర్నాడు చాపరాయి దగ్గర పిల్లలు నీళ్లలోంచి వస్తే ఒట్టు! మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. బొర్రా గుహలు మిగిలిపోయాయి. అమ్మ మొహం చిన్నబోయింది. ఆవిడ చూడాలని ఆశపడింది వాటినే.

అప్పుడు ఫోన్ తీసి ఆఫీసరుగారికి మెసేజ్ పెట్టా. ‘వన్ డేస్ లీవ్’ అడుగుతూ, అపాస్ట్రఫీ ఎస్‌కు ముందు పెట్టి. అమ్మాయికి చూపించకుండానే పంపించేశా. పది నిమిషాల్లో జవాబొచ్చింది... ‘గ్రాంటెడ్’ అని. ఆ పక్కనే ఓ నవ్వు బొమ్మ.

మూడోరోజు బొర్రాలో, గోస్తని నీళ్లు యుగాలుగా సున్నపురాతిని తొలిచి చేసిన ఆ చీకట్లో, అమ్మ నా చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. లోపల శివలింగాన్ని చూసి చేతులు జోడించింది.

ఇంటికొచ్చాక అమ్మాయి తన డైరీలో రాసుకుంది: ‘అవర్ త్రీ-డే ట్రిప్ టు అరకు’. ఎస్ లేదు. రోజు మాత్రం ఒకటి పెరిగింది!