పెడలు ఊగుతుంటే రాడ్డు బిగిస్తారా ఎవరన్నా?

ఏందబ్బాయ్, పొద్దున్నించీ ఆ జీపు కిందే ఉన్నావు? మీ అమ్మ టిఫినుకు పిలిచి పిలిచి లోపలికి పోయింది. ముందు ఒక మాట చెప్పు. ఉట్టి జాకీ మీదే నిలబెట్టావా, చట్రం కింద మొద్దులేమన్నా పెట్టావా? పెట్టావా, అయితే సరే. ఇట్టా గోడ దగ్గరికి రా. మీ పిన్ని టీ పెడతంది, పైనుంచే అందిస్తా.

నిన్న నువ్వు గేట్లోకి తిప్పేటప్పుడు చూశాలే. బ్రేకు తొక్కితే పెడలు క్లచ్చు వైపుకి ఒరుగుతంది. చేత్తో పట్టుకుని పక్కకి ఊపితే టకటకమంటందా? ఆఁ, అదే. మెకానిక్ ఏమన్నాడూ? రాడ్డు బిగిస్తే సరిపోద్దన్నాడా! బిగించి కూడా పోయాడా? ఇదుగో, అక్కడే నాకు మండుద్ది.

పెడలుకి రెండు రకాల వదులు ఉంటయ్. తొక్కేటప్పుడు మొదట్లో కాస్త ఖాళీగా దిగుద్దే, అది కావాలని పెట్టింది. రాడ్డు బిగిస్తే పోయేది ఆ ఖాళీయే. క్లచ్చులో ఆ ఖాళీ లేకపోయిందా, నువ్వు కాలు తీసేసినా రిలీజు బేరింగు ఆనుకుని తిరుగుతానే ఉంటది. కొన్నాళ్లకి అరుపు మొదలెడద్ది. ప్లేటేమో గట్టిగా పట్టక జారుద్ది. బ్రేకులో లేకపోతే ఇంకా అన్యాయం. మాస్టర్ సిలిండర్లో పిస్టను పూర్తిగా వెనక్కి రాదు. బ్రేకాయిలు తిరిగి డబ్బాలోకి పోయే సన్న రంధ్రం ఒకటి ఉంటది, అది మూసుకునే ఉంటది. బండి నడిచేకొద్దీ వేడికి ఆయిలు ఉబ్బి, నువ్వు తొక్కకుండానే బ్రేకులు పట్టేస్తయ్. ఈ లెక్కన దాచేపల్లి దాకా పోయొచ్చి డ్రమ్ము మీద చెయ్యి పెట్టు, కాలుద్ది.

పక్కకి ఊగేది వేరు. అది అరుగుడు. దానికీ రాడ్డుకీ ఏం సంబంధం?

ఇప్పటి కార్లకి పెడళ్లు పైనుంచి వేలాడతయ్. నీ జీపుకి నేలలోంచి మొలుచుకొస్తయ్. ఫ్లోరు కింద చట్రం పక్కన ఒక షాఫ్టు ఉంటది, రెండు పెడళ్లకీ అదే ఆధారం. బ్రేకు పెడలు లోపలి బుష్షు దాని మీదే తిరుగుద్ది. యుద్ధమప్పుడు 1941లో వచ్చిన విల్లీస్ జీపుకీ అంతే. మహీంద్రా వాళ్లు 1947లో ఆ విల్లీస్ బళ్లని తెచ్చి ఇక్కడ బిగించడం మొదలుపెట్టారు, తర్వాత సొంతంగా చేసుకున్నారు. నీది ఎత్తు బానెట్టు బండి కదా, సీజే-3బి. అమెరికాలో 1953లో వచ్చింది. కొత్త ఇంజనుకి వాల్వుల్లో సగం తలకెక్కించేసరికి ఎత్తు పెరిగింది, దాంతో బానెట్టు లేపారు. పెడళ్ల జోలికి మాత్రం పోలా. వాళ్లు 1968లో ఆపేసినా మనోళ్లు చాన్నాళ్లు తీశారు కాబట్టే ఇప్పటికీ సామాను దొరుకుతంది. ఇక్కడ దొరక్కపోతే బెజవాడ ఆటోనగర్ పో.

ఇప్పుడు చెప్పు, ఆ షాఫ్టు ఉండేది రోడ్డుకి కాస్త పైన. మనూళ్లో రోడ్డంటే ఏంది? పిడుగురాళ్ల పేరు చెబితేనే సున్నపు బట్టీలు గుర్తొస్తయ్. క్వారీ నుంచి రాయి లారీ వచ్చుద్ది, బట్టీ నుంచి సున్నం లారీ పోద్ది, మధ్యలో నీ జీపు. పాత గ్రీజులో ఆ తెల్లపొడి కలిసిందంటే ఇక అది గ్రీజు కాదు, ఆకురాయి. కాలు వేసినప్పుడల్లా షాఫ్టుని గీకుద్ది. పైగా వానకి తడిసి సున్నం గట్టిపడితే గ్రీజు కొట్టే నిప్పిల్ మూసుకుపోద్ది. గన్ను పెట్టి కొడితే గ్రీజు లోపలికి పోకుండా పక్కలకి కక్కుద్ది. కొట్టినోడు గుడ్డతో తుడిచేసి అయిపోయిందంటాడు. నల్లరేగడి చేలల్లోకి పోయే జీపుల సంగతి ఇక చెప్పబళ్లేదు.

సరే, పని చెబుతా విను. ముందు రిటర్ను స్ప్రింగు ఊడదియ్యి, మొహం దూరంగా పెట్టుకుని. తర్వాత రాడ్ల పిన్నులు. షాఫ్టు ఓ పట్టాన రాదు. డీజిలు పోసి రాత్రంతా వదిలెయ్. నేరుగా సుత్తితో బాదమాక, చివర పరుచుకుపోయిందంటే ఇక చచ్చినా రాదు. ఇత్తడి ముక్క అడ్డంపెట్టి కొట్టు.

బయటికొచ్చాక శుభ్రంగా తుడిచి, గోటితో ఈ చివర్నించి ఆ చివరికి గీసి చూడు. తొక్కుడు బలం ఒక పక్కే పడుద్ది కాబట్టి అరుగుడూ ఒక పక్కే ఉంటది. గోరు ఎక్కడన్నా తట్టుకుందా, షాఫ్టు కూడా పోయినట్టే. అరిగిన షాఫ్టుకి కొత్త బుష్షు వేయడం డబ్బు దండగ.

లేతు షాపుకి పోయేటప్పుడు పాత బుష్షు కొలత పట్టకపోమాక, అది అరిగిన కొలత. షాఫ్టూ పెడలూ రెండూ ఇచ్చి గన్‌మెటల్ బుష్షు తిప్పించు. లోపలికి దిగగొట్టాక బుష్షు కాస్త బిగుసుకుపోద్ది, అందుకని ఆ తర్వాతే రీమరు పట్టమను. గ్రీజు రంధ్రం నిప్పిల్‌కి సూటిగా వచ్చిందో లేదో నువ్వే దగ్గరుండి చూడు. అది తిరిగిపోయిందా, ఎంత గ్రీజు కొట్టినా బయటే. కొంతమంది డబ్బా రేకు కత్తిరించి బుష్షులో చుడతారు. అట్టాంటోళ్లని బండి దగ్గరికే రానీయమాక.

రాడ్డు ఫోర్కు రంధ్రం కూడా కోలగా సాగి ఉంటది, చూడు. పూడ్చి మళ్లీ డ్రిల్లు వేయించు. పిన్నుకి కొత్త స్ప్లిట్ పిన్నే పెట్టు. మేకు వంచి పెట్టే అలవాటు మనోళ్లకి ఎక్కువ, ఇది ట్రక్కు తలుపు గొళ్లెం కాదు, బ్రేకు. పెడళ్లొచ్చే ఫ్లోరు కంతలకి రబ్బరు ముక్కలు కూడా వెయ్యి. ఆ దుమ్ము కొంత నీ ఊపిరితిత్తుల్లోకీ పోతంది మరి.

ఇవన్నీ అయ్యాకే రాడ్డు సంగతి. బ్రేకుకి అర అంగుళం, క్లచ్చుకి అంగుళం అటూఇటూగా ఖాళీ వదిలి లాక్‌నట్టు బిగించు. ఆదివారం లేతు షాపు ఎటూ మూసే ఉంటది గానీ, ఇవాళ వాడు బిగించిన ఆ రాడ్డు మాత్రం వదులు చేసెయ్. ఆగు, ఆ పదమూడో నంబరు పెట్టమాక, నట్టు మూలలు పోతయ్. ఈ బండికి ఇంచుల స్పానరే పట్టుద్ది. నా దగ్గర ఉంది, తెచ్చిస్తా.