గుమ్మడికాయ రొట్టె

మా అమ్మకు కొలతలు తెలియవు. "అమ్మా, రొట్టెలోకి బెల్లం ఎంత వేస్తావు?" అంటే "ఎంత పడితే అంత" అంటుంది. తెలుగులో ఎం.ఏ. చదివి విజయనగరంలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్న నాకు, ఈ చిన్న వాక్యానికి తాత్పర్యం మాత్రం చాలాకాలం బోధపడలేదు.

మా ఊరు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఉంది. ఉద్యానవనమన్న మాటే ఉద్దానమైందని పెద్దలంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస, పేరుకు తగ్గ సీమే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తరాలవాళ్ళు పెంచిన తోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి.

నేను మూడోనాటికి గాని ఇల్లు చేరలేకపోయాను. దారి పొడుగునా చెట్లే. ఇల్లు నిలిచింది గాని, తోటలో మిగిలిన కొబ్బరిచెట్లను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. నాన్నగారు వీధి అరుగుమీద కూర్చుని అటే చూస్తున్నారు.

"రెండ్రోజులై సరిగా తినలేదురా" అంది అమ్మ మెల్లిగా.

"మళ్ళీ మొక్కలు వేద్దాం నాన్నగారూ, ఏముంది!" అన్నాను.

"మొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది బాబూ. నాకిప్పుడు డెబ్భైనాలుగు" అన్నారాయన. పాఠాలు చెప్పే నోరు మూతపడింది.

కరెంటు లేదు. మిక్సీ, ఫ్రిజ్జి అలంకారప్రాయంగా కూర్చున్నాయి. అమ్మ అటకకేసి చూపించి, "ఆ గుమ్మడికాయ దింపు" అంది. ఎండల్లో కోసిన తియ్యగుమ్మడి అది. తొడిమ ఊడకుండా, దెబ్బ తగలకుండా ఉంటే నెలల తరబడి నిలవుంటుంది. బూడిదగుమ్మడి మన ఆసియాదే గాని, తియ్యగుమ్మడి పుట్టిల్లు అమెరికా ఖండం. ఎంత దూరాన్నుంచి వచ్చినా మన అటకలెక్కి మనదైపోయింది.

అమ్మ చేసిన పద్ధతి చెబుతాను. కొలతలు నా కళ్ళు కొలిచినవి. గ్లాసుడు మినప్పప్పు నాలుగు గంటలు నాననిచ్చి, పెరట్లో మూలపడి ఉన్న రుబ్బురోలు కడిగి గట్టిగా రుబ్బింది. కడిగి తడిపి, నీళ్ళు పిండేసిన బియ్యపురవ్వ రెండున్నర గ్లాసులు అందులో కలిపింది. గుమ్మడికాయ తురిమి, చిటికెడు తురుము నోట్లో వేసుకుని, కాస్సేపు ఆలోచించి, అప్పుడు తీసింది బెల్లం. కాయ తీపిని బట్టి బెల్లమన్నమాట! ఎంత పడితే అంతకు తాత్పర్యం ఆ పూట తెలిసింది.

రాలిన కాయలకు కొదవలేదు గనక కొబ్బరి ముక్కలూ పడ్డాయి. జీలకర్ర, ఉప్పు సరేసరి. గుమ్మడి తనే నీరు వదులుతుంది, అంచేత పిండిలో నీళ్ళు పొయ్యకూడదు. మందపాటి ఇనప మూకుట్లో నువ్వులనూనె కాచి, పిండి దిబ్బగా పరిచి, మూతమీద కొబ్బరిచిప్పల నిప్పులు పోసింది. కింద సెగ సన్నగా ఉండాలి. తొందరపడితే బెల్లం మాడి అడుగు చేదెక్కుతుంది, నడుమ పచ్చిగానే ఉంటుంది. ముప్పావుగంటకు ఆ కమ్మని వాసన అరుగుదాకా వెళ్ళింది.

అమ్మ పళ్ళెం తీసుకెళ్ళి నాన్నగారి పక్కన పెట్టి, ఏమీ అనకుండా లోపలికి వచ్చేసింది. తలుపుచాటునుంచి ఇద్దరం చూస్తున్నాం. ఆయన ఎర్రగా కాలిన అడుగుచెక్క విరిచి నోట్లో పెట్టుకున్నారు. ఇంకో ముక్క. కాస్సేపటికి కేకేశారు.

"ఏమే, ఇంకా ఉందేటి?"

మర్నాడు పొద్దున్నే నేను లేచేసరికి, రాలిన కాయల్లో ముదురువి ఏరి విత్తనానికి వేరుగా పేరుస్తున్నారు.

వాటిలో రెండు చెట్లు నిరుడు కాపుకొచ్చాయి. మొదటి కాయ అమ్మ రొట్టెలోకే వెళ్ళింది. ఎనభై దాటిన నాన్నగారు తీరుబడిగా నమిలి, "బెల్లం ఓ పిసరు తగ్గినట్టుందే" అన్నారు.

"అంతే పట్టింది" అంది అమ్మ.